మేస్త్రి మందు

"ఎంత తాగిందో చెప్పండి" అంది డాక్టరమ్మ మూడోసారి.

"తాగలేదు" అన్నాడు మేస్త్రి, అతనూ మూడోసారే.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. ఈ చివర పాలిష్ మేస్త్రి, ఆ చివర కోడలు, మధ్యలో కొడుకు. మొగుడూ పెళ్లాల మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఎవరూ అటు జరగలేదు.

తెల్లారి లేచి పొయ్యి వెలిగించబోయిన మేస్త్రి భార్య అక్కడే కూలబడింది. ఒళ్లంతా చెమట. నోటి వెంట చొంగ ఆగలేదు. పిక్కల్లో కండలు చర్మం కింద ఏదో పాకినట్టు కదిలాయి. కోడలు ఎత్తి ఒళ్లో పడుకోబెట్టుకుంటే "చీకటిగా ఉందేమిటే, దీపం వెయ్యి" అంది. అప్పటికి ఎండ గుమ్మంలోకి వచ్చేసింది.

"పెద్దాయనా, వినండి" అంది డాక్టరమ్మ. ఆవిడకి ముప్పై ఏళ్లుంటాయేమో. నిద్రలేని కళ్లు. "ఆవిడ కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. ఈ చెమట, ఈ చొంగ, ఆ కండలు అదరడం. ఇది పురుగుల మందు. నేనిక్కడ చేరినప్పటి నుంచీ చూస్తున్నదే. నోట్లోంచి వెల్లుల్లి వాసన కూడా వస్తోంది."

"ఆ వాసన నెల నుంచీ ఉంది."

"నెల నుంచా?"

ఆవిడ ఇంకేదో అడగబోయింది. లోపలి నుంచి నర్సు కేకేసింది. డాక్టరమ్మ రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా?"

కొడుకు తన చెప్పుల వంక చూసుకున్నాడు. మేస్త్రి కోడలి వంక చూశాడు.

"జరిగింది" అంది కోడలు.

"డబ్బా గానీ సీసా గానీ ఇంట్లో ఎక్కడో ఉంటుంది. వెతికి పట్టుకురండి. ఇంజెక్షన్ ఇస్తే తేరుకుంటోంది, అంతలోనే మళ్లీ జారిపోతోంది. ఎందుకో నాకు అంతు చిక్కడం లేదు. ఏ మందో తెలిస్తే నా పని కొంచెం తేలికవుతుంది."

తలుపు మూసుకుంది. తలుపు మీద రంగు రెండు చోట్ల పొక్కి లేచింది. మామూలు రోజైతే మేస్త్రి గోటితో గీకి చూసి, కింద ప్రైమరు వెయ్యలేదని ఎవణ్నో తిట్టేవాడు. ఇవాళ చూడనైనా లేదు.

"నువ్వన్న మాట నాకు వినపడలేదనుకుంటున్నావా?" అన్నాడు కోడలితో.

"వినపడాలనే అన్నాను."

"రాసుకుని చావండి అన్నావు."

"అన్నాను, మామయ్యా."

"అంది. ఒప్పుకుంటోంది చూడరా. పెద్దదని కూడా చూడకుండా..."

"నాన్నా" అన్నాడు కొడుకు.

"ఏంట్రా నాన్నా? ముప్పై ఏడేళ్లు కాపరం చేశాను దానితో. నేను ఒక్కసారి అనలేదు ఆ మాట. మూడేళ్ల కిందట వచ్చిన పిల్ల అంది. ఆ మాట విని మీ అమ్మ..."

కుర్చీలకు సీట్లు అల్లే చేతులు కోడలివి. వేళ్ల చివర్లు పగిలి ఉంటాయి. ఆ పగుళ్లని ఒకదాని తర్వాత ఒకటి బొటనవేలితో నొక్కుకుంటూ కూర్చుంది.

నిన్న మధ్యాహ్నం గొడవ ఆ మందు గురించే.

షెడ్డులో పాత సామాను మీద రంగు ఊడదీయడానికి మేస్త్రి ఒక ద్రావకం వాడతాడు. చూడటానికి మంచినీళ్లలా ఉంటుంది, చేతికి కాస్త జిడ్డు తగులుతుంది. స్ట్రిప్పరు అంటారు. నెల కిందట మోచెయ్యి పట్టేసిన రోజున అది పొరపాటున చేతి మీద ఒలికింది. సాయంత్రానికి నొప్పి తీసేసినట్టు పోయింది. మర్నాడు కావాలని రాసుకున్నాడు. మూడో రోజు భార్య మోకాళ్లకు రాశాడు. పదేళ్లుగా మెట్లు పట్టుకుని దిగే మనిషి పట్టుకోకుండా దిగింది. ఇంక ఆగుతాడా? టైలరుకి ఇచ్చాడు, పక్కవీధి వాళ్లకి ఇచ్చాడు. సీసాలు పట్టుకుని పొద్దున్నే షెడ్డు ముందు నిలబడటం మొదలుపెట్టారు జనం. మేస్త్రి మందు అని పేరు పెట్టారు. ఊరికే ఇచ్చేవాడు. పెద్దరికం వస్తుంటే చాలు ఆయనకి.

రాసుకున్న నిమిషానికి నోట్లో వెల్లుల్లి నమిలినట్టుండేది. ఇల్లంతా ఆ వాసనే. "చర్మం మీద రాస్తే నోట్లోకి ఎలా వచ్చింది?" అని కోడలు మొదటిరోజే అడిగింది. "అంటే లోపలికి పోయి పని చేస్తోందన్నమాట" అన్నాడు మేస్త్రి గర్వంగా.

నిన్న మధ్యాహ్నం అత్త మోకాళ్లు చాపుకుని కూర్చుని, సీసా అందుకోమంది. కోడలు అందుకోలేదు. "చెక్కకి పూసేది మనిషికి పూయడమేమిటి అత్తయ్యా, ఆ డబ్బా మీద ఏం రాసుందో ఒక్కరైనా చదివారా" అంది. "చదువుకున్న కోడలొచ్చింది, ఇంక నా మొగుడి చేతి మీద నాకు నమ్మకం ఉండకూడదు కాబోలు" అంది అత్త. మాట మీద మాట పెరిగింది. ఆఖరి మాట కోడలిది.

ఆ మాటే ఇప్పుడు బల్ల మీద నాలుగో మనిషిలా కూర్చుని ఉంది.

"మామయ్యా" అంది కోడలు. "డాక్టరమ్మకి ఆ పైపూత సంగతి కూడా చెబుదాం."

"దాని ఊసెత్తకు."

"తాగింది ఏమిటని అడుగుతున్నారు. రాసింది ఏమిటని ఎవరూ అడగలేదు."

"వీధిలో సగం మంది రాసుకుంటున్నారు. ఎవడికి ఏమైంది? నాకేమైంది? నీ నోటి మాట దాచుకోవడానికి నా మందు మీద పెట్టకు."

కోడలు మొగుడి వంక చూసింది. అతను తల ఎత్తలేదు. కానీ మెడ మీద, చెవి కింద, ఒక నరం కొట్టుకుంటోంది. మూడేళ్లలో ఆ నరం అలా కొట్టుకోవడం ఆమె రెండుసార్లే చూసింది.

"పద, వెతుకుదాం" అంది. "ఇంట్లో ఎక్కడుందో."

---

ఇంట్లో ఏమీ లేదు.

కోడలు పొయ్యి కింద చూసింది, బియ్యం డబ్బా వెనక చూసింది. అత్త బట్టల పెట్టె తెరిచి, మడతల మధ్య చెయ్యి పెట్టి చూసింది. అలా చూస్తుంటే ఏడుపొచ్చింది. దొరికితే బాగుండునని ఒక పక్క, దొరక్కూడదని ఒక పక్క. దొరికితే అత్త బతకడానికి దారి. దొరికితే తను జీవితాంతం హంతకురాలు.

పెట్టె అడుగున ఒక కొత్త జత చెప్పులు మాత్రం ఉన్నాయి. ఎత్తు మడమవి. మోకాళ్లు బాగయ్యాక వేసుకుందామని కొనుక్కుందేమో. ఇలాంటివి కొనుక్కున్న మనిషి మందు తాగుతుందా?

వాకిట్లోకి వచ్చింది. ఇంటి ముందే షెడ్డు. మొగుడు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి పోవడం లేదు.

"అక్కడేం లేదు" అన్నాడు.

"వెతికావా?"

"వెతికాను."

వెతకలేదు. చెక్కపొడి మీద అడుగులు లేవు. కోడలు అతన్ని దాటుకుని లోపలికి వెళ్లింది.

కాళ్లు ఊడదీసిన కుర్చీలు గోడకి ఆనించి ఉన్నాయి. గరుకు కాగితాలు, వార్నీషు గుడ్డలు, లక్క కరగబెట్టే గిన్నె. మూలన స్ట్రిప్పరు పీపా, దాని మీద గరాటా. పైన అరలో డబ్బాలు వరసగా ఉన్నాయి. మేస్త్రి చేతి కింద డబ్బా కూడా వరస తప్పదు. చివర నాలుగు డబ్బాలు ఒకే రకానివి. చెదలు పట్టకుండా చెక్కకి పట్టించే మందువి. పోయిన వారం ఎక్కడో పుస్తకాల అలమరాలకి పట్టించారు, ఆమెకి గుర్తుంది. ఒకటి దించింది. మూత తీసి వెలుతురుకి పట్టింది.

లోపల తళతళ మెరుస్తోంది.

రెండోది దించింది. అదీ అంతే. చిక్కటి మందు అది, పాకం లాంటిది. అడుగున అట్టకట్టి ఉండాలి.

"వీటిని ఎవరు కడిగారు?"

అతను గుమ్మం చెక్కని గోటితో గీకాడు.

"నిన్నే."

"నేనే."

"దేంతో?"

"దేంతో కడుగుతాం? స్ట్రిప్పరుతోనే. వేరే దేనికీ వదలదు."

"కడిగింది ఎక్కడ పారబోశావు?"

అతను పీపా వైపు చూశాడు. చూసి, చూడనట్టు కళ్లు తిప్పుకున్నాడు.

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ షెడ్డులో చుక్క పారబొయ్యడమనేది ఉండదు. పని నేర్చుకునే రోజు మేస్త్రి మొట్టమొదట చెప్పేది అదే. ఖాళీ అయిన డబ్బాలో ఇంత స్ట్రిప్పరు పోసి, గిలకొట్టి, ఆ కడుగు మళ్లీ పీపాలోనే పోసెయ్యాలి. వార్నీషు డబ్బా అయినా, రంగు డబ్బా అయినా. పోయేది చెక్క మీదకే కదా, వచ్చిన నష్టమేమిటి? ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి. ఆ పద్ధతిలో తప్పు లేదు, పీపాలోది చెక్కకే పూసినన్నాళ్లూ.

"ఎప్పుడు?" అంది.

"సోమవారం."

"నాలుగూ?"

"నాలుగూ. పీపాలో అడుగున జానెడే మిగిలింది అప్పటికి."

"అంటే మూడు రోజులుగా అత్తయ్య మోకాళ్లకి..."

"నాకు తట్టలేదు." గొంతు పీలగా వచ్చింది. "నిజంగా తట్టలేదు. చేతులు వాటంతట అవే చేశాయి. డబ్బా ఖాళీ అయితే కడుగుతాం, పోస్తాం. ఆలోచించి చేసే పనా అది?"

"ఇందాక డాక్టరమ్మ పురుగుల మందు అన్నప్పుడు?"

అతని చెయ్యి మెడ మీదికి పోయింది.

"అప్పుడు తట్టింది. అవునా? నీ మెడ మీద నరం చూశాను."

"అమ్మని చంపింది నేనే అని అందరి ముందు ఎలా చెప్పను?"

"నేను చంపానని మీ నాన్న అందరి ముందు అంటుంటే కూర్చుని విన్నావుగా. అది బాగానే విన్నావు."

"కాసేపట్లో చెబుదామనే..."

"కాసేపట్లో!" ఆమె డబ్బాని ఛాతీకి అదుముకుంది. వెంటనే దూరంగా పట్టుకుంది. అలా దూరంగా పట్టుకున్నందుకు కూడా కోపం వచ్చింది. "నేను అత్తయ్య బట్టల్లో చేతులు పెట్టి విషం వెతికాను. ఆ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాను. నువ్వు ఇక్కడ గుమ్మంలో నిలబడ్డావు."

అతను గుమ్మం పక్కకి జరిగాడు. ఆమె వెళ్లడానికి దారి ఇచ్చాడో, తను కూలబడకుండా చెక్క పట్టుకున్నాడో తెలియలేదు.

"బండి తియ్యి" అంది.

---

ఆసుపత్రిలో అత్త మంచం చుట్టూ తెర లాగి ఉంది. నర్సు లేదు. తెర కింద నుంచి మేస్త్రి పాదాలు కనపడుతున్నాయి. తెర అవతల నుంచి సన్నగా మూలుగు, దానితో పాటు బుజ్జగింపు.

"ఇదిగో, అయిపోయింది. ఇంకొంచెం. నొప్పి దిగిపోతుంది. నాకు తెలుసుగా నీ మోకాళ్ల సంగతి."

కోడలు తెర లాగింది.

మేస్త్రి, భార్య కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. దుప్పటి మోకాళ్ల పైకి మడిచి ఉంది. చేతిలో చిన్న సీసా. అరచెయ్యి తడిగా మెరుస్తోంది.

"మామయ్యా, తియ్యండి చెయ్యి!"

"అరవకు. ఇప్పుడే కాస్త కన్ను మూసింది."

సీసా లాగబోయింది. ఆయన వదల్లేదు. పాలిష్ పట్టే చెయ్యి, ఉడుం పట్టు. ఇద్దరి మధ్యా సీసా కాసేపు అటూ ఇటూ ఊగింది. కొడుకు వెనక నుంచి వచ్చి తండ్రి మణికట్టు పట్టుకున్నాడు.

"నాన్నా, చెదల డబ్బాలు కడిగి పీపాలో పోశాను. సోమవారం."

మేస్త్రి వేళ్లు వదులయ్యాయి.

మంచం మీది మనిషి ఊపిరి వినపడుతోంది. అది తడిగా, గురకగా ఉంది.

"ఏ డబ్బాలు?" అన్నాడు మేస్త్రి. అర్థమైంది ఆయనకి. అయినా అడిగాడు.

డాక్టరమ్మ వచ్చింది. కోడలు డబ్బా, సీసా రెండూ ఆవిడ చేతిలో పెట్టి, చెప్పవలసింది నాలుగు ముక్కల్లో చెప్పింది. డాక్టరమ్మ డబ్బా మీది అక్షరాలు చదివింది. సీసా మూత తీసి వాసన చూడబోయి, ఆగిపోయింది.

"ఇవాళ ఎన్నిసార్లు రాశారు?"

"ఇక్కడికొచ్చాక రెండుసార్లు" అన్నాడు మేస్త్రి. "మూలుగుతుంటే చూడలేక."

"అందుకా" అంది ఆవిడ తనలో తను. "నేను తీస్తుంటే మీరు పోస్తున్నారన్నమాట."

నర్సులు పరుగెత్తుకొచ్చారు. చేతులకి తొడుగులు వేసుకుని, బట్టలు కత్తిరించి, బకెట్లతో సబ్బునీళ్లు పోసి కడగడం మొదలుపెట్టారు. అందర్నీ తెర బయటికి తోశారు.

"ఈ చెదల మందు ఒక్కటే అయితే ఇంత ముంచుకొచ్చేది కాదేమో" అంది డాక్టరమ్మ సిరంజి నింపుతూనే. "ఆ ద్రావకం చర్మం దగ్గర ఆగదు, పెద్దాయనా. తోసుకుని లోపలికి పోతుంది. పోతూ పోతూ తనలో ఏది కరిగి ఉంటే దాన్ని కూడా వెంటబెట్టుకుపోతుంది. చెదల మందు ఒక్కటీ చేతి మీద పడితే కడుక్కోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. దీంతో కలిస్తే ఉండదు. మీరు దగ్గరుండి తలుపు తీసి పంపించారు."

మేస్త్రి తన అరచేతులు చూసుకున్నాడు. వార్నీషు నల్లగా పట్టిన గీతలు. కొలిమి తిత్తి తోలులా గట్టి చర్మం. ఈ చర్మం దాటి ఏదీ లోపలికి పోదని ఇన్నేళ్లు అనుకున్నాడు.

"మీరు కూడా వట్టి చేతులతోనే రాశారు కదూ? ఇలా రండి." ఆవిడ చిన్న లైటు ఆయన కంట్లోకి వేసింది. ఒక కన్ను, తర్వాత రెండో కన్ను. ఏమీ చెప్పలేదు. "చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఆ పక్క మంచం మీద పడుకోండి."

"ఇంకెవరికైనా ఇచ్చారా?" అని అడిగింది లోపలికి వెళ్తూ.

మేస్త్రి ఎంతోసేపు కడుక్కున్నాడు. సబ్బు అరిగిపోయేలా రుద్దాడు. కుళాయి కట్టేశాడు.

కోడలు పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"సోమవారం తర్వాత ఎవరెవరికి ఇచ్చారు, మామయ్యా?"

"నెల రోజులుగా నా చేతి చలవ అన్నారు" అన్నాడు ఆయన. "షెడ్డు ముందుకొచ్చి నాకు దండం పెట్టిన వాళ్లున్నారు."

"ఎవరెవరికి?"

"ఇప్పుడు వెళ్లి నేను వాళ్ల గుమ్మంలో నిలబడి, నేనిచ్చింది విషం అని చెప్పాలా? వీణ్ని బతకనిస్తారా ఈ వీధిలో?" కొడుకు వైపు చెయ్యి చూపించాడు. కొడుకు గోడ వైపు తిరిగి ఉన్నాడు.

"ఎవరెవరికి, మామయ్యా?"

తువ్వాలు తీసుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"ఇద్దరికే. టైలరుకి, మంగళవారం. సందు చివర ఉండే నిదానానికి, నిన్న సాయంత్రం."

కొడుకుని తల్లి దగ్గర ఉండమన్నాడు. పక్క మంచం వైపు చూడకుండా మెట్ల వైపు నడిచాడు.

"మామయ్యా, మిమ్మల్ని పడుకోమన్నారు. నేను వెళ్తాను."

"నువ్వు చెబితే నమ్మరు. నా నోటితోనే వినాలి." రెండు మెట్లు దిగి ఆగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నాతో రా, అమ్మా."

మూడేళ్లలో ఆయన ఆమెని అమ్మా అని పిలవడం అదే మొదలు. ఆమెకి సంతోషం కలగలేదు. భయమేసింది.

---

టైలరు మిషను మీద కాలు ఆడిస్తూనే నోరారా నవ్వాడు.

"రా మేస్త్రీ! చూశావా, ఈ మోకాలు. మిషను ఎంతసేపు తొక్కినా తొక్కుతున్నట్టే తెలియడం లేదు. మా ఆవిడైతే మళ్లీ పెళ్లికొడుకువయ్యావు అంటోంది. ఎక్కడికి పారిపోతావో అని తాళం వేస్తోంది!"

"ఆ సీసా ఇలా ఇవ్వు."

"ఎందుకూ?"

"ఊరికే. ఒకసారి చూసిస్తాను."

"చూడ్డానికేముంది, తెల్లగా ఉంటుంది." టైలరు నవ్వు కొంచెం తగ్గింది. "ఇచ్చింది మళ్లీ అడుగుతావేమిటయ్యా? ఇంకెవరైనా పెద్దవాళ్లు కావాలన్నారా? ఏ కొత్త బేరమో తగిలిందా?"

"ఇవ్వవయ్యా బాబూ."

"ఇవ్వను. నా మోకాలి మీద ఒట్టు."

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన నుదుటి మీద చెమట ధారలు కడుతోంది. ఎండ అంతగా లేదు. ఇప్పటికి రెండుసార్లు పక్కకి తిరిగి ఉమ్మేశాడు. ఉమ్మే అలవాటు లేని మనిషి.

"చెప్పండి, మామయ్యా" అంది మెల్లగా.

మేస్త్రి నోరు తెరిచాడు. టైలరు మొహం చూశాడు. నెల రోజులుగా తనని చూడగానే విప్పారే మొహం అది.

"అందులో కాస్త... చెత్త పడింది. కొత్తది ఇస్తాను."

"చెత్త పడితే వడకట్టుకుంటా."

"చెదల మందు కలిసింది, అన్నా" అంది కోడలు. "మా అత్తయ్య ఆసుపత్రిలో ఉంది. సోమవారం తర్వాత ఇచ్చిన సీసాలన్నిట్లో ఉంది. ఎన్నిసార్లు రాసుకున్నావు?"

మిషను చక్రం తిరుగుతూ తిరుగుతూ ఆగింది.

"ఇంకా రాసుకోలేదు" అన్నాడు టైలరు. "పాతది సగం ఉంది. అది అయ్యాక తీద్దామని..." బల్ల కింద నుంచి కొత్త సీసా తీసి, దాన్ని మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, గుడ్డల మీద కాకుండా నేల మీద పెట్టాడు. మేస్త్రి వంక చూడలేదు. "నువ్వు చెప్పలేదేం, మేస్త్రీ?" అని మాత్రం అన్నాడు. "ఆ పిల్ల చెప్పింది గానీ నువ్వు చెప్పలేదేం?"

బయటికి వచ్చాక మేస్త్రి అడుగులు సరిగా పడటం లేదు. ఒకచోట కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. భుజం మీద కండ ఒకటి చొక్కా కింద టపటపా కొట్టుకుంటోంది. కోడలు చూసింది. తను చూసిన సంగతి ఆయనా చూశాడు.

"ఆసుపత్రికి పోదాం."

"ఇంకొక్క ఇల్లే కదా."

"మామయ్యా, మీ చెయ్యి..."

"ఈ గుమ్మంలో నేనే చెబుతాను" అన్నాడు. "నువ్వు అందుకోకు."

నిదానం ఇల్లు సందు చివర. తలుపు తీసే ఉంది. నిదానం భార్య వాకిట్లో బట్టలు పిండి ఆరేస్తోంది. ముప్పై రెండేళ్లుగా బస్సు నడుపుతున్నా ఒక్క గీత కూడా పడనివ్వలేదని నిదానానికి ఆ పేరు. ఆయన బండి ఎక్కితే ఆలస్యంగా దిగుతారు గానీ క్షేమంగా దిగుతారు అంటారు జనం.

"రండి, రండి మేస్త్రిగారూ. ఏమిటమ్మా, మామగారి మొహం అలా ఉంది?"

మేస్త్రి గుమ్మానికి ఆనుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు.

"నిన్న ఇచ్చిన సీసాలో పురుగుల మందు కలిసింది" అన్నాడు. "నా షెడ్డులోనే కలిసింది. నా పద్ధతి వల్ల కలిసింది. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు. మా ఇంటిది దాంతో ఆసుపత్రిలో పడి ఉంది. ఆ సీసా ఇచ్చెయ్యి, తల్లీ. ముట్టుకోకు, ఎక్కడుందో చూపించు."

ఒక్క తడబాటు లేకుండా చెప్పాడు. చెప్పేశాక మనిషి కాస్త తేలికపడ్డట్టు కనిపించాడు.

నిదానం భార్య చేతిలోని బట్ట అలాగే వదిలేసింది. లోపలికి పరుగెత్తింది. ఖాళీ చేతులతో వచ్చింది.

"లేదు. వెంట పట్టుకుపోయాడు."

"వాడాడా?" అంది కోడలు.

"రాత్రి వాడలేదు. పొద్దున మెడ తిరగడం లేదని... నేనే రాశాను. చేత్తో కాదు, వేళ్లకి వాసన వదలదని గుడ్డతో రాశాను. మెడకి, రెండు భుజాలకి, వెన్నంతా. బాగా పట్టించమన్నాడు. మలుపుల్లో మెడ తిప్పాలి కదా."

"ఎంతసేపైంది?"

"గంటన్నర. ఎనిమిదింటి బండి."

"ఏ దారి?"

ఆవిడ సందు చివర, ఇళ్ల కప్పుల పైన, దూరంగా నీలంగా కనపడే కొండ వైపు చూసింది. ఈ ఊరి నుంచి ఎనిమిదింటికి బయల్దేరే బండి ఒక్కటే. అది ఆ కొండ ఎక్కి అవతల దిగుతుంది.

కోడలు తన ఫోను ఆవిడ చేతిలో పెట్టింది. నంబరు రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి మోగింది. ముగ్గురూ ఆ చప్పుడు విన్నారు. మోగి, మోగి, ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ మోగింది.

మేస్త్రి గుమ్మానికి జారగిలబడి మెల్లగా కింద కూర్చున్నాడు. నోటి పక్క నుంచి చొంగ సన్నగా జారుతోంది. అది తుడుచుకోవాలని కూడా ఆయనకి తెలియడం లేదు.

"ఎత్తడు" అంది నిదానం భార్య ఫోను చెవికి ఆనించుకునే. "బండి తోలుతుంటే ఎంత అవసరమైనా ఎత్తడు. చాలా జాగ్రత్త మనిషి."